మూడో నంబరు చొక్కా

గ్రిమ్స్‌బీలో చేపల కంపు ఇప్పుడు లేదంటారు.
మా లాండ్రీ గదిలో ఉంది.
ఎండీ ఎండని తువ్వాళ్లలో, కిటికీ చెక్కలో.
హంబర్ మీద గాలి తిరిగినప్పుడల్లా లేస్తుంది.

పంతొమ్మిదేళ్లుగా ఈ క్లబ్బు బట్టలు ఉతుకుతున్నాను.
ఎవరు పడ్డారో, ఎవరు పడ్డట్టు నటించారో
నిక్కరు చూసి చెప్పగలను.
నిజంగా పడ్డవాడి బురద దారాల్లోకి దిగి ఉంటుంది,
గడ్డి పసరుతో సహా.
నటించినవాడిది పైపైన. దులిపితే రాలిపోతుంది.

రీస్ హెబ్డన్‌ది మూడో నంబరు. ఎడమ వైపు కాపలా.
ఇరవై రెండేళ్లు. ఎన్నిసార్లు చెప్పినా
సాక్సులు తిరగబడ్డవి తిరగబడ్డట్టే
ముద్దచేసి బుట్టలో పడేసేవాడు.
అక్టోబరులో ఒకరోజు తలుపు దగ్గర నిలబడి
"బెరిల్, మా అమ్మ ఇంట్లో బాయిలర్ పోయింది,
రెండొందల పౌండ్లు సర్దు, శుక్రవారం ఇచ్చేస్తా" అన్నాడు.
ఇచ్చాడు. శుక్రవారమే.
తర్వాత నాలుగొందలు అడిగాడు.
ఒక అమ్మకి ఒక్క చలికాలంలో
ఎన్ని బాయిలర్లు పాడవుతాయని నేను అడగలేదు.
మా ఆయన కుక్కల పందేల్లో
ఇంటి వాయిదాలు తగలేసినప్పుడూ అడగలేదు.
నాకు అదో జబ్బు.

కార్లైల్ నుంచి ఓడి తిరిగొస్తున్న రాత్రి
బస్సంతా నిద్ర.
చివరి సీట్లో ఒక్క మొహం మాత్రం
ఫోను వెలుతురులో ఆకుపచ్చగా.
కజకస్తాన్‌లో ఎవరో ఇద్దరు ఆడుతున్న
టేబుల్ టెన్నిస్ చూస్తున్నాడు.
వాళ్ల పేర్లు కూడా పలకలేడు.
వాళ్లకోసం గోళ్లు కొరుక్కుంటున్నాడు.

జనవరిలో ఆ శనివారం వాన.
ముప్పై ఎనిమిదో నిమిషం, గీత దగ్గర త్రో.
బంతి తడిసిందని చొక్కా అంచుతో తుడిచాడు.
తుడిచాడు.
పసిబిడ్డకి నీళ్లు పోసి ఒళ్లు తుడిచినట్టు
అటు తిప్పి, ఇటు తిప్పి,
రిఫరీ ఈల ఊదినా, జనం అరిచినా,
పసుపు కార్డు పైకి లేచేదాకా
తుడుస్తూనే ఉన్నాడు.
స్టాండులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రాత్రి బుట్టలోంచి తీస్తే
చొక్కా పొట్ట మీద గుండ్రంగా బంతి అచ్చు,
సరిగ్గా బెట్టింగ్ కంపెనీ పేరు కింద,
పత్రం మీద ముద్ర కొట్టినట్టు.
ఎంతసేపు పట్టుకు నిలబడ్డానో తెలీదు.
ఆడేవాడి చేతులకి తొందర ఉంటుంది.
ఈ చేతులు టైము చూసుకున్నాయి.

అరవై డిగ్రీల్లో ఉతికేశాను.

మార్చిలో లండన్ నుంచి ఇద్దరొచ్చారు,
బురద అంటని బూట్లతో.
గూల్‌లో ముగ్గురు కుర్రాళ్లు
ఆ కార్డు మీదే పందెం కాశారట.
"మీరేమైనా గమనించారా?"
"నేను ఉతుకుతానంతే" అన్నాను.
అబద్ధం కాదు. నిజమూ కాదు.
సబ్బునీళ్లలో వదిలేసిన మాట.

పద్దెనిమిది నెలల నిషేధం.
ఆటకి ఇది మచ్చ అన్నాడు ఛైర్మన్
టీవీవాళ్ల ముందు.
వెనక గోడనిండా ఆ కంపెనీ పేరే.
మచ్చల సంగతి నన్నడగాల్సింది.

లాకరు ఖాళీ చేసుకోడానికి వచ్చినరోజు
నాతో మాట్లాడలేదు.
వెళ్లాక చూస్తే
బుట్టలో సాక్సులు, సరైన వైపు తిప్పి,
జతలు జతలుగా మడిచి ఉన్నాయి.
నాలుగొందల ఊసు లేదు.

జులైలో కొత్త చొక్కాలొచ్చాయి.
అదే కంపెనీ. అక్షరాలు అంగుళం పెరిగాయి.
మూడో నంబరు స్వాన్సీ పిల్లాడికిచ్చారు,
ఇంకా మొటిమలైనా మానలేదు.
తలుపు దగ్గర నిలబడి
"ఇక్కడ వైఫై ఉందా ఆంటీ?" అన్నాడు.

ప్రెస్సు వేడెక్కింది.
పేరుని రొమ్ము మీద సరిచేసి మూత దించాను.
పదిహేను సెకన్లు పట్టాలి.
ఎక్కువైతే గుడ్డ మాడుతుంది.
తక్కువైతే మొదటి ఉతుక్కే అక్షరాలు లేస్తాయి.

పిల్లాడి చొక్కాకి మాత్రం
పదకొండు దగ్గర లెక్క ఆపాను.